రెండు పదికి పడిన సంతకం

"రెండు గంటల పది నిమిషాలకు మాస్టారు బతికే ఉన్నాడు వదినా. సంతకం పెట్టాడు. చచ్చినవాడు సంతకం పెట్టడు కదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పెట్టడని నేనూ ఒప్పుకున్నాను.

ఇన్‌స్పెక్టరు మా ఆయనకు స్వయానా తమ్ముడు. ఇంట్లో చిట్టి అంటాం. మనిషి ఆరడుగులు, స్టేషన్ గుమ్మంలో తల వంచి మరీ లోపలికి వస్తాడు. మా ఆయన పోయి ఏడు నెలలైంది. ఆ రోజు ఆసుపత్రి వరండాలో ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం. మళ్ళీ మాట్లాడుకోవడం ఇవాళే. నేను ఏడవలేదని అతనికి కోపం. ఎందుకు ఏడవలేదో నాకూ తెలియదు. ఆ రోజు నుంచి నాలో ఏదో మొద్దుబారిపోయింది. ఆకలేస్తోందో లేదో కూడా గడియారం చూసి తెలుసుకుంటున్నాను. డిటెక్టివ్ పనికి ఇదేమీ అడ్డం కాదు. ఎవరేం చెప్పినా గుండె జారదు కాబట్టి వినడం తేలికవుతుంది.

అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై. ఐదింటికి ముద్దాయిని కోర్టులో హాజరుపెట్టాలి.

కేసు చిన్నదే. ఊళ్ళో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. వాళ్ళు అమ్మేది తాళాలు. ఇనుప తాళాలు కావు, లెక్కలతో కట్టిన తాళాలు. ఆసుపత్రి తలుపులు, లిఫ్టులు, జేబుల్లో ఫోన్లు, అన్నీ వీళ్ళు రాసిన లైబ్రరీనే, అంటే ఆ లెక్కల ప్రోగ్రాముల కట్టనే వాడుకుంటాయి. ఆ లైబ్రరీ కొత్తది విడుదలైనప్పుడల్లా దాని మీద మాస్టారి సంతకం ఉండాలి. సంతకం అంటే కలంతో పెట్టేది కాదు. ఆయన దగ్గరున్న రహస్య తాళంచెవితో మిషను చేసే లెక్క. ఆ సంతకం ఉంటే లోకంలో ప్రతి మిషనూ తలూపి తీసుకుంటుంది, లేకపోతే తీసుకోదు.

మొన్న మధ్యాహ్నం మూడింటికి ఆ మాస్టారు ఆఫీసు వెనక మెట్ల కింద తల పగిలి కనిపించాడు. పన్నెండుకీ మూడుకీ మధ్య ప్రాణం పోయిందన్నాడు డాక్టరు. అంతకంటే దగ్గరగా చెప్పలేనన్నాడు. పన్నెండు నలభై అయిదుకి డైరెక్టరు ఆఫీసులో అందర్నీ వెంటబెట్టుకుని వేరే హాల్లో మీటింగుకి వెళ్ళాడు. మూడుదాకా రెండు వందలమంది ముందు స్టేజీ మీదే ఉన్నాడు. ఆఫీసులో మిగిలింది ఇద్దరు. ఒకరు మాస్టారు. రెండోవాడు ఆయన తమ్ముడు, అక్కడే ప్రోగ్రామరు. రెండు పదికి మాస్టారి సంతకం పడింది. సంతకం మిషను తెరిచే కార్డు శవం మెడలోనే ఉంది.

"అంతకుముందు రోజు అన్నదమ్ములు అరుచుకోవడం ఆఫీసంతా విన్నది," అన్నాడు చిట్టి. "రెండు పది తర్వాత అక్కడున్నది తమ్ముడొక్కడే. ఇంక మీరొచ్చి చేసేదేముంది?"

"నన్ను పిలిచింది నువ్వు కాదుగా."

పిలిచింది మాస్టారి భార్య. ఆవిడ స్టేషన్ బల్ల మీద, ఒళ్ళో అన్నం గిన్నె పెట్టుకుని కూర్చుంది. కళ్ళలో తడి లేదు. ఒక కానిస్టేబులు ఇంకో కానిస్టేబులుతో ఆ సంగతే గుసగుసలాడుతున్నాడు. ఏడవని ఆడదాన్ని చూస్తే లోకానికి అనుమానం. నాకది అనుభవమే.

"మా మరిదికి తొమ్మిదేళ్ళప్పుడు నేను ఆ ఇంటికొచ్చానమ్మా," అంది. "అన్నం తినిపించడం దగ్గర్నుంచి అన్నీ నేనే. ఒక మనిషి పోయాడు. ఈ మనిషిని కూడా పట్టుకుపోతే ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళే ఉండరు. వాడు ఆ పని చెయ్యలేదు."

"చెయ్యలేదని మీకెలా తెలుసు?"

"అబద్ధం చెప్పాలంటే వాడు ముందు గోరు కొరుకుతాడు. నా మొహం చూస్తూ నేను చెయ్యలేదు వదినా అన్నాడు. చేతులు కిందే ఉన్నాయి."

కోర్టులో నిలబడే సాక్ష్యం కాదు. నేను మాత్రం పుస్తకంలో రాసుకున్నాను.

లాకప్పు ఎదురుగా బల్ల దగ్గర నీలం చొక్కా మనిషొకడు తమ్ముడి లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. పోలీసులకు ఇలాంటివి చూడటం రాదని డైరెక్టరే తన మనిషిని ఇచ్చాడట. మర్యాదస్తుడు. నన్ను చూడగానే లేచి కుర్చీ లాగి వేశాడు. పక్కన స్టీలు ఫ్లాస్కు ఉంది. కాఫీ తాగుతారా మేడమ్ అని అడిగాడు. వద్దన్నాను.

తమ్ముడికి పాతికేళ్ళు దాటి ఉండవు. గోళ్ళు కొరికే అలవాటున్నా ఆ పూట మాత్రం ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యతో గొడవ దేనికి?"

"విడుదల ఆపమన్నానండీ. మా దాంట్లో చిల్లు ఉంది. అన్నయ్య ఒక్క రోజు ఆగరా అన్నాడు."

"నాకు అర్థమయ్యేట్టు చెప్పు. లెక్కల్లో నాకు ఎప్పుడూ ముప్పై అయిదు దాటలేదు."

అతను గోడ మీద వేలితో ఒక వంపు గీశాడు. "ఇదొక గీత అనుకోండి. దీని మీద ఒక చుక్క. ఆ చుక్కని గీత మీదే ఒక పద్ధతిలో గెంతించాలి. ఎన్ని గెంతులన్నదే రహస్యం. చివరికి చుక్క ఎక్కడ ఆగిందో అందరూ చూడొచ్చు. ఎన్ని గెంతుల్లో వచ్చిందో వెనక్కి లెక్కపెట్టడం మాత్రం ఎవడి తరమూ కాదు."

"మరి చిల్లెక్కడ?"

"సంతకం పెట్టిన ప్రతిసారీ మిషను ఒక కొత్త రహస్యపు అంకె తీసుకుంటుంది. అంకె చిన్నదైతే గెంతులు తక్కువ, పని ముందే అయిపోతుంది. సెకనుని వెయ్యి ముక్కలు చేస్తే ఒకసారి ముప్పై నాలుగు, ఒకసారి ముప్పై తొమ్మిది, ఒకసారి నలభై ఒకటి."

"అంత తేడా ఎవడిక్కావాలి నాయనా?"

"గడియారం పెట్టుకుని కూర్చున్నవాడికి కావాలండీ. కొన్ని వేల సంతకాల టైములు పోగేసి, తొందరగా అయిపోయినవి ఏరుకుని లెక్క కడితే అన్నయ్య తాళంచెవే చేతికొస్తుంది. ఇక కార్డు అక్కర్లేదు. ఎక్కడ కూర్చునైనా అన్నయ్య సంతకం పెట్టొచ్చు."

చిట్టి ఆవులించాడు. నేను రాసుకుంటూనే ఉన్నాను.

"అందుకని కొత్తది రాశాను," అన్నాడు తమ్ముడు. "అంకె ఎంతదైనా సరే, మొత్తం గెంతులూ వేస్తుంది. అక్కర్లేనిచోట ఉత్తుత్తి గెంతులు. ఎప్పుడు చూసినా నలభై ఒకటే. మొన్న పదకొండు నలభైకి అన్నయ్య ఫోన్ చేశాడు. 'ఎక్కించాన్రా, నలభై ఒకటే వస్తోంది. రేపు పొద్దున అందరికీ చెప్పి తాళంచెవి మార్చేద్దాం' అన్నాడు." అతను గోడ దగ్గర్నుంచి ఊచల దగ్గరికి వచ్చాడు. "అంతేనండీ. మళ్ళీ మాట్లాడలేదు."

"ఆ కొత్తది ఎక్కడెక్కడ ఉంది?"

"సంతకాల గదిలో మిషన్లో. నా లాప్‌టాప్‌లో. ఇంకెక్కడా లేదు."

బయటికి వస్తుంటే మాస్టారి భార్య నా వెనకే గుమ్మందాకా వచ్చింది.

"ఆయన ఇంట్లో కూడా అంతేనమ్మా. ఒంట్లో ఎలా ఉందంటే, బాగున్నా బాగోకపోయినా ఒకే సేపు ఆగి 'బాగానే ఉంది' అనేవాడు. ఎప్పుడు దాస్తున్నాడో పట్టుకోలేకపోయేదాన్ని. అదేం రోగమండీ అంటే, గడియారానికి దొరక్కూడదు అని నవ్వేవాడు." గిన్నె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "పన్నెండున్నరకి మాత్రం దొరికిపోయేవాడు. ఆ టైముకి గిన్నె తెరవకపోతే చేతులు వణుకుతాయి. షుగరు."

"ఇక్కడే ఉంటారా?"

"మరిది తినేదాకా కదలను."

*

సంతకాల గదికి వెళ్ళేసరికి రెండూ ముప్పై అయిదు. చిట్టి వెంట వచ్చాడు. నన్నొక్కదాన్నే వదిలితే ఆఫీసంతా తలకిందులు చేస్తానని అతని భయం.

ఒకప్పుడు సామాన్లు పడేసుకునే గది. కిటికీ లేదు. ఒక మిషను, ఒక బల్ల, ఒక కుర్చీ. కుర్చీ మీద దిండు జారిపోకుండా పురికొసతో కట్టి ఉంది. బల్ల మీద అద్దాలు తుడుచుకునే గుడ్డ మడత పెట్టి ఉంది. మూలన పాతకాలం ప్రింటరు, దానికి బస్సు టిక్కెట్టు చుట్టలాంటి కాగితం చుట్ట. మాస్టారు తెర మీద అంకెల్ని నమ్మేవాడు కాదట. ఆయన తాళంచెవితో ఎక్కడ సంతకం పడినా ఆ కబురు ఇక్కడికి రావాలి, వచ్చిన వెంటనే కాగితం మీద అచ్చు పడాలి. తెర మీది అంకె మార్చొచ్చు, కాగితం మీద సిరా మార్చలేరని ఆయన వాదన. ఆ మనిషి బతికుంటే మేమిద్దరం స్నేహితులమయ్యేవాళ్ళం.

ముందు వెనక మెట్లు చూశాను. పై మలుపులో కిటికీ అరుగు ఉంది. దాని మీద స్టీలు క్యారియరు, మూత బిగించి ఉంది. తెరిచాను. అన్నం ముట్టుకోలేదు.

"ఇది మీవాళ్ళు చూడలేదా?"

"చూశారు. క్యారియరు మెట్ల మీంచి తోస్తుందా మనిషిని?"

"పన్నెండున్నరకి తినకపోతే చేతులు వణికే మనిషి రెండు పదిదాకా తినకుండా సంతకాలు పెట్టుకుంటూ కూర్చున్నాడా చిట్టీ?"

"పనిలో పడి మరిచిపోయుంటాడు."

"మరిచిపోయినవాడు గిన్నె పట్టుకుని మెట్ల దాకా వస్తాడా? తినడానికే వచ్చాడు. ఇక్కడే పడ్డాడు. అంటే పన్నెండున్నరకి."

చిట్టి మొహం ముడుచుకున్నాడు. "మరి సంతకం?"

మళ్ళీ గదిలోకి వెళ్ళి కాగితం చుట్ట విప్పాను. ఒక్కో వరుసలో నాలుగు గళ్ళు. ఎన్నింటికి వచ్చింది, దేని మీద, ఎవరి సంతకం, ఎంత సేపు పట్టింది. మొన్న పొద్దున్న వరుసల్లో చివరి గడి కుదురుగా లేదు. ముప్పై ఆరు, ముప్పై తొమ్మిది, ముప్పై నాలుగు. పదకొండు నలభై నుంచి అన్నీ ప్రయోగాలు. నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై ఒకటి. పన్నెండు వరుసలు లెక్కపెట్టాను. ఆఖరుది పన్నెండూ ఇరవై. తర్వాత ఖాళీ.

తర్వాత రెండు పది. కొత్త విడుదల. మాస్టారి సంతకం. ముప్పై ఏడు.

ఇలాంటిచోట పాత రోజుల్లో నా గుండె ఒక్కసారి గంతేసేది. ఇప్పుడు వేలు పెట్టి ఆ అంకెను చిట్టికి చూపించానంతే.

"సెకనులో వెయ్యో వంతు పట్టుకుని నన్ను కోర్టుకెళ్ళమంటారా?" అన్నాడు.

"ఈ గదిలో మిషను పదకొండు నలభై తర్వాత నలభై ఒకటి తప్ప ఇంకో అంకె వెయ్యలేదు. ముప్పై ఏడు ఈ మిషనుది కాదు. ఇంకెక్కడో పాత లైబ్రరీతో పెట్టి, రెండు పదికి ఇక్కడికి చేరేట్టు పంపించారు. మాస్టారు అప్పటికే మెట్ల కింద ఉన్నాడు."

"సరే. దొంగ సంతకమే అనుకుందాం. తాళంచెవి లాగే లెక్క ఎవరికి తెలుసు? ఇందాక మీ ముందు గోడ మీద బొమ్మ గీసి మరీ చెప్పిందెవరు? ఆ తమ్ముడే!" చిట్టి మొహం వెలిగింది. "మీ చేతులతో మీరే వాడికి ఉరి బిగించారు వదినా."

"కొత్తది రాసింది వాడు. ఎక్కించారని తెలుసు. నలభై ఒకటి పడాలని తెలుసు. వాడే దొంగ సంతకం పెడితే నలభై ఒకటి పడేట్టే పెట్టేవాడు. కొత్తది ఎక్కించిన సంగతి తెలియనివాడే ముప్పై ఏడు వేసి పప్పులో కాలేశాడు."

చిట్టి ఆ వరుసను మళ్ళీ చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "అన్నయ్య పోయిన రోజు కూడా మీరింతే. ఇంజక్షను ఎన్నింటికిచ్చారు, డాక్టరు ఎన్నింటికొచ్చాడు, అన్నీ కాగితం మీద రాసుకున్నారు. ఒక్క కన్నీటి చుక్క లేదు. మీరు మనిషేనా అనిపించింది నాకు."

"డాక్టరు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు," అన్నాను. "అది రాసుకున్నాను. ఇంకేం చెయ్యాలో నాకు తెలియలేదు."

అతను తల తిప్పుకున్నాడు. మీరు మనిషేనా అన్న మాటకు నాకు బాధ కలగాలి. కలగలేదు. ఎక్కడో పక్కింట్లో ఎవరో కొట్టుకుంటున్నట్టు వినిపించిందంతే.

ప్రింటరు పక్కన దారంతో వేలాడుతున్న నోటుబుక్కు అప్పుడు కనిపించింది. చుట్టలోంచి ఎవరు నకలు తీసుకున్నా అందులో రాసుకోవడం మాస్టారి పద్ధతి. గుండ్రటి చేతిరాత. ప్రతి శుక్రవారం ఒకే వాక్యం. "డైరెక్టరు గారికి, నాలుగు గళ్ళూ." ముప్పై మూడు శుక్రవారాలు. ఆఖరి శుక్రవారం కింద మాస్టారు పెన్సిలుతో చిన్నగా రాసుకున్నాడు. "నాలుగో గడి ఎందుకు?"

నోటుబుక్కు చిట్టి చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివాడు. మూడోసారి చదివేటప్పుడు కూర్చున్నాడు.

"డైరెక్టర్ని పిలవనా?" అని తనే అడిగాడు.

*

మూడూ పాతికకి డైరెక్టరు వచ్చాడు. తన కుర్చీ తనే తెచ్చుకున్నాడు. మాస్టారి కుర్చీ వంక చూడలేదు. యాభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా.

"ఆ రోజు ఎన్నింటికి బయల్దేరారు?"

మనసులో లెక్కపెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు.

"పన్నెండూ నలభై అయిదు."

"వెనక మెట్ల మీంచేనా?"

ఒకటి, రెండు, మూడు. "లిఫ్టులో."

"పన్నెండున్నరకి ఎక్కడున్నారు?"

ఒకటి, రెండు, మూడు. "నా గదిలో. ఉపన్యాసం చదువుకుంటున్నాను."

"మీ పేరులో ఎన్ని అక్షరాలు?"

చిట్టి నా వైపు వింతగా చూశాడు. డైరెక్టరు ఆగాడు. ఒకటి, రెండు, మూడు. "అయిదు."

సొంత పేరుకీ అంతే సేపు, హత్యకీ అంతే సేపు. ఏ ప్రశ్న తగులుతోందో ఎదుటివాడికి తెలియకుండా ఉండాలంటే అన్ని ప్రశ్నలకీ ఒకే సేపు తీసుకోవాలి. మాస్టారు భార్య దగ్గర ఆడిన ఆటే ఇది. ఆయన ప్రేమతో ఆడాడు. ఈయన దగ్గర అదేం లేదు.

"మీకు ఈ వంపులు, చుక్కల లెక్కలు వచ్చా?"

మూడు. "రావండి. నేను మనుషుల్ని నడిపేవాణ్ణి. లెక్కలు వాళ్ళ పని."

"ప్రతి శుక్రవారం నకలు దేనికి?"

మూడు. "పనితీరు రిపోర్టుకి."

"అయితే ఇది తెలిసే ఉంటుంది. మీ లైబ్రరీ ఒక సంతకానికి ఎంత సేపు తీసుకుంటుంది?"

మూడు. "ముప్పై నాలుగు నుంచి నలభై ఒకటి దాకా."

"లెక్కలు రాని మనిషికి బాగానే గుర్తుందే. ఇప్పటికీ అంతేనా?"

మూడు. "ఎప్పుడూ అంతే."

"మొన్న పదకొండు నలభై నుంచి అలా కాదు. మాస్టారు కొత్తది ఎక్కించాడు."

"ఎవరు చెప్పారు?"

ఒకటి అనుకునేలోపే వచ్చేసింది జవాబు. ఆయనకే ఆశ్చర్యమేసింది. పెదవులు బిగించుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"కాగితం చెప్పింది," అన్నాను. "లోకంలో ప్రతి తాళం నీ చేతిలో ఉండాలని ముప్పై మూడు వారాలు కూర్చుని టైములు పోగేసి తాళంచెవి లాగావు. మాస్టారు నాలుగో గడి దగ్గర ఆగి నిన్ను అనుమానించాడు. అన్నదమ్ముల అరుపుల్లో చిల్లు సంగతి నువ్వూ విన్నావు. తెల్లారితే తాళంచెవి మార్చేస్తాడు, నీ కష్టమంతా బూడిదలో పోసినట్టే. పన్నెండున్నరకి గిన్నె పట్టుకుని మెట్ల దగ్గరికొచ్చిన మనిషిని తోశావు. రెండు పదికి దానంతట అదే వెళ్ళేట్టు దొంగ సంతకం ఒకటి పెట్టి, స్టేజీ ఎక్కావు. అన్నీ బాగానే చేశావు. ఆ పొద్దున మిషన్లో ఏం మారిందో కనుక్కోలేదంతే."

డైరెక్టరు చేతి గడియారం చూసుకున్నాడు. మూడూ నలభై ఎనిమిది.

"వకీలు వచ్చాక మాట్లాడతాను," అన్నాడు.

చిట్టి లేచి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. నా వైపు చూశాడు. క్షమాపణ చెప్పబోతున్నట్టున్నాడు. అదిప్పుడెందుకులే అనుకున్నాను. నాకు గుర్తొచ్చింది స్టేషన్ బల్ల మీద గిన్నె పట్టుకున్న మనిషి. ఐదింటికల్లా మరిదిని ఇంటికి తీసుకెళ్ళొచ్చు. ఆవిడకి ఫోన్ చేసి చెప్పాలి.

డైరెక్టరు మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

వకీలు కోసం ఎదురుచూసే మనిషి గుమ్మం వైపు చూస్తాడు. ఈయన చూపు గడియారం మీద ఉంది. ఎందుకని అడగబోయాను.

మూలన ప్రింటరు టకటకమని మొదలైంది.

ముగ్గురం తిరిగి చూశాం. కాగితం చుట్ట నెమ్మదిగా బయటికి వచ్చింది. మూడూ యాభై. ఉత్తరం. మాస్టారి సంతకం. కింద ఉత్తరం కూడా అచ్చు పడింది, నాలుగు వరుసలు. చిట్టి పైకి చదివాడు.

"వదినా, అన్నయ్యను తోసింది నేనే. తాళంచెవి దొంగిలించిందీ నేనే. నేను పట్టుబడితే మూడో రోజున ఈ ఉత్తరం దానంతట అదే వెళ్ళేట్టు ముందే పెట్టుకున్నాను. ఇది నీకు చేరేసరికి నేను ఉండను. క్షమించు."

"ఉండనంటే?" అన్నాడు చిట్టి. "వాడు నా లాకప్పులో ఉన్నాడు. ఎక్కడికి పోతాడు?"

నేను చివరి గడి చూశాను. నలభై ఒకటి.

"చిట్టీ, ఇది కొత్త లైబ్రరీతో పెట్టిన సంతకం. అది ఈ మిషన్లో ఉంది, తమ్ముడి లాప్‌టాప్‌లో ఉంది. ఈ మిషను నా కళ్ళముందే ఉంది. లాప్‌టాప్ ఎవరి దగ్గరుంది?"

చిట్టి జేబులోంచి ఫోను లాగాడు. "ఆ నీలం చొక్కావాడి దగ్గర. ఈయన పంపించినవాడు. లాకప్పు ఎదురుగానే కూర్చోబెట్టాను."

డైరెక్టరు మా ఇద్దర్నీ చూశాడు. ఒకటి, రెండు, మూడు.

"పాపం, చిన్నవాడు," అన్నాడు.

చిట్టి స్టేషన్‌కి ఫోన్ కొట్టాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. నేను మాస్టారి భార్యకి చేశాను. రెండో మోతకే ఎత్తింది.

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే, బల్ల మీదేనమ్మా."

"మరిది?"

"నిద్రపోతున్నాడు. ఆ లాప్‌టాప్ అబ్బాయి మంచివాడమ్మా, తన ఫ్లాస్కులోంచి కాఫీ ఇచ్చాడు. అది తాగి పడుకున్నాడు. రెండు రాత్రుళ్ళుగా కంటి మీద కునుకు లేదు కదా, లేపొద్దండీ అని చెప్పి ఇప్పుడే వెళ్ళాడు. నాకూ పోశాడు. వేడిగా ఉందని పక్కన పెట్టాను."

"ముట్టుకోకండి! అది ముట్టుకోకండి. మరిదిని లేపండి. అరవండి. లాకప్పు తలుపు తియ్యమనండి!"

అంత పెద్ద గొంతు నాకుందని ఏడు నెలల్లో మరిచిపోయాను. భయమేసింది. పేరు పెట్టి చెప్పగలిగినంత స్పష్టంగా భయమేసింది.

చిట్టి డైరెక్టరు చేతికి బేడీ వేసి బల్ల కాలికి తగిలించి గుమ్మం వైపు దూకాడు.

"పరిగెత్తడం తర్వాత. ముందు డాక్టర్ని పంపించు!" అని అరిచాను. "నలభై నిమిషాలు ఆగితే ఇంకేమీ మిగలదు, నీకూ తెలుసు!"

ఆగాడు. తెలుసు అతనికి. నంబరు నొక్కడం మొదలుపెట్టాడు.

నా ఫోనులో గిన్నె కింద పడ్డ చప్పుడు. పరిగెత్తే అడుగులు. ఇనుప తలుపు కిర్రుమంది. ఎవరో కానిస్టేబులు ఏదో అరిచాడు. తర్వాత ఆవిడ గొంతు, దూరం నుంచి, "బాబూ, లే నాన్నా, నేను వదినని, లే."

"ఊపిరుందా?" అన్నాను. "ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఊపిరి ఆడుతోందా?"

ఒకటి. రెండు. మూడు.

నాలుగు.